కోట కింద శశి

అనగనగా సముద్రాల అవతల, ఇంగ్లండు దేశంలో, గొర్రెలు మేసే పచ్చటి కొండ ఒకటి. ఆ కొండ మీద ఒక పాత కోట. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది, గోడలు మాత్రం మిగిలాయి. ఊఁ కొడుతున్నావా తల్లీ? కొట్టు మరి.

ఆ దేశంలో సోమరాజని మన తెలుగాయన ఒకాయన బస్సు నడిపేవాడు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఇందుమతి, పదకొండేళ్ళది. చిన్నది శశిరేఖ, ఆరేళ్ళది. దానికి కాలు ఒకచోట నిలవదు. ఒక ఆదివారం వాళ్ళమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే, నాన్న పిల్లల్ని కోట చూపిస్తానని తీసుకెళ్ళాడు.

కోట గుమ్మం దగ్గర ఎల్సీ అని ఒక ముసలి దొరసాని టిక్కెట్లు ఇస్తోంది. "వానొచ్చేట్టుంది, తొందరగా చూసొచ్చెయ్యండి" అంది. నాన్నేమో "గోడలెక్కారంటే ఊరుకోను" అని పిల్లలకి చెప్పాడు.

శశి గోడలెక్కలేదు. "దాక్కుంటా, పట్టుకో చూద్దాం!" అని తుర్రుమంది. ఇందు కళ్ళు మూసి తెరిచేసరికి పిల్ల లేదు.

ముందు బావి దగ్గర చూసింది. బావికి ఇనప మూత బిగించి ఉంది. శశి లేదు. ఆ తర్వాత మెలికల మెట్లెక్కి బురుజు మీదికెళ్ళింది. పావురాలు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి గాని శశి లేదు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆ తర్వాత పాత వంటశాలలోకి పరిగెత్తింది. అక్కడ నేల కింద నుంచి సన్నగా ఒక గొంతు.

"అక్కా..."

రాతి నేలలో ఒకచోట ఇనప ఊచలున్నాయి. వాటి కింద చీకటి గుంట. ఆ గుంటలో శశి! కోట వెనక నీళ్ళు పోయే తూములో దాక్కుందామని దూరి, జారి లోపల పడింది పిచ్చిపిల్ల. పాకుదామంటే నాచు, కాళ్ళు నిలవడం లేదు.

"నాన్నా!" అని ఇందు అరిచిన అరుపుకి నాన్న పరిగెత్తుకొచ్చాడు. ఊచల సందులో చెయ్యి పెట్టాడు, మోచేతి దగ్గరే ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి తూములో దూరబోయాడు, భుజాలు పట్టలేదు. పైగా కొండ మీది వాననీరంతా ఆ తూములోంచి గుంటలోకే దిగుతోంది. అప్పుడు ఆయన, "ఇందూ, చెల్లిని పట్టుకునుండు, వదలకు" అని గుమ్మం వైపు పరిగెత్తాడు.

ఇందు తడినేల మీద బోర్లా పడుకుంది. సన్నటి చెయ్యి కదా, భుజం దాకా దూరింది. కింద శశి ఒక రాయెక్కి మునివేళ్ళ మీద నిలబడి ఆ చెయ్యి అందుకుంది.

"అక్కా, పాదాలు మునిగాయే."

"ఏం కాదు. నాన్న వస్తున్నారు."

"అక్కా, మోకాళ్ళ దాకా వచ్చాయే."

"నన్నే చూడు. కిందికి చూడకు."

శశి కాసేపు పైకే చూసింది. "ఈ కోటలో రాణి ఉండేదా?"

"ఉండేది."

"ఆవిడ కూడా ఇందులో పడిందా?"

"ఆవిడ పెద్దదే, పట్టదు."

శశి కిసుక్కున నవ్వింది. అంతలోనే నీటి తోపుకి కాలు జారింది. ఒక్కసారిగా పిల్ల బరువంతా ఇందు చేతిమీద పడింది. భుజం విరిగిపోతున్నట్టుంది. పళ్ళు బిగబట్టింది గాని చెయ్యి వదల్లేదు. శశి తడుముకుని మళ్ళీ రాయెక్కింది. ఈసారి నీళ్ళు నడుం దాటాయి.

అప్పుడు అడుగుల చప్పుడైంది. నాన్న, ఎల్సీ దొరసాని, వాళ్ళ వెనక గొర్రెలు కాసే ఒక ఆసామి గునపం పట్టుకుని వచ్చారు. ఇందు చెయ్యి పక్కనున్న ఊచ కింద గునపం పెట్టి ఎత్తారు, కదల్లేదు. మళ్ళీ ఎత్తారు, రాయి కిర్రుమంది. ముగ్గురూ కలిసి మీద పడితే ఊచ ఊడొచ్చింది. ఆ తర్వాత పక్కది ఊడింది. నీళ్ళు శశి గుండెల దాకా వచ్చేశాయి. నాన్న నడుం దాకా లోపలికి వంగి, పిల్ల చంకలో చెయ్యేసి, ఒక్క ఊపులో పైకి లాగేశాడు.

దొరసాని తన కోటు విప్పి శశికి చుట్టింది. అయినా ఇందు చెయ్యి మాత్రం చెల్లి చేతినే పట్టుకుని ఉంది.

"ఇంక వదిలెయ్యమ్మా" అన్నాడు నాన్న.

"రావట్లేదు నాన్నా" అంది ఇందు.

వేళ్ళు అలాగే బిగుసుకుపోయాయి తల్లీ. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, నోటి ఆవిరితో వెచ్చబెడుతూ, ఒక్కొక్క వేలే మెల్లగా విప్పాడు. చివరి వేలు విడిపోగానే, అప్పటిదాకా కంట తడి పెట్టని ఇందు భోరుమని ఏడ్చింది.

అప్పుడు శశి కోటులోంచి చెయ్యి బయటికి పెట్టి, అక్క చెంప తుడిచింది. "ఏడవకే అక్కా, నేనున్నాగా" అంది.

వాన వెలిసె కొండకి,
ఎండ వచ్చె కోటకి,
కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి.