ఆరు వేళ్ల శుక్రవారం

ఎవరైనా ప్రశ్న అడగగానే చెప్పులు వేసుకోవడం తవిటినాయుడు మాస్టారి అలవాటు. జవాబు తన నోట్లో ఉండదని, ఊళ్లో ఎక్కడో ఉంటుందని, కాళ్లున్నవాడు అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలని ఆయన నమ్మకం. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి, పదవీ విరమణ అయ్యాక పట్టుబట్టి కంప్యూటరు నేర్చుకుని, ఇప్పుడు పలాసలో ఒక జీడిపప్పు గిడ్డంగి మేడమీద రెండు గదుల్లో అయిదుగురు శిష్యులకి ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. ఆ శిష్యులు రెండు జతల చెప్పులు అరగదీశాక గానీ చదువు పూర్తి కాదని ఊళ్లో ఒక వేళాకోళం ఉంది.

ఆ అయిదుగురిలో చురుకైనది ప్రసూన. చురుకైనవాళ్లకి ఉండే తొందర కూడా ఆమెకి నిండుగానే ఉంది. పిక్క కాల్చి పప్పు తీసే పలాస బట్టీలకి జీడిపిక్కలు ఆఫ్రికా నుంచి కూడా వస్తాయి. మొజాంబిక్ నుంచి వచ్చే ఉత్తరాలు పోర్చుగీసు భాషలో ఉంటాయి. వాటిని చదివి, సరుకు ఏ తేదీన ఓడ ఎక్కుతుందో ఏ తేదీన దిగుతుందో యంత్రమే తెలుసుకునేలా ఒక ప్రోగ్రాము కావాలని ఒక బట్టీ యజమాని అడిగాడు. మనిషి "వచ్చే గురువారం పొద్దున్న" అని రాసి ఊరుకుంటాడు. యంత్రానికి అది చాలదు, తేదీ అంకెల్లో కావాలి. మాటని అంకె చేసే ఆ పట్టిక రాయడం ప్రసూన వంతుకి వచ్చింది.

నెలల పేర్లు, నిన్న, మొన్న, ఎల్లుండి, ఉదయం, సాయంత్రం అన్నీ రెండు రోజుల్లో పట్టికలో ఎక్కేశాయి. వారాల దగ్గరే చిక్కు వచ్చింది. మనకి ఉన్నట్టు పోర్చుగీసు వారాలకి గ్రహాల పేర్లు లేవు. ఆదివారానికి దేవుడి పేరు, శనివారానికి విశ్రాంతి పేరు. నడుమ ఉన్న అయిదింటికీ రెండోది, మూడోది, నాలుగోది అని ఆరోదాకా ఉత్త అంకెలే. ప్రసూన సంబరపడిపోయింది. అంకెలే అయితే ఇంకేం, మన పని వాళ్లే చేసి పెట్టారనుకుంది. యంత్రానికి అలవాటైన ప్రకారం సోమవారాన్ని ఒకటిగా పెట్టుకుని గబగబా నింపేసింది. పరీక్షించి చూస్తే ఆ అయిదు రోజులూ ఒక్కో రోజు ముందుకి జరిగి కూర్చున్నాయి. గురువారం రావలసిన చోట శుక్రవారం వచ్చింది, శుక్రవారం రావలసిన చోట శనివారం వచ్చింది.

"మాస్టారూ, ఎందుకో తెలీదుగానీ ఒక రోజు ఎక్కువ వస్తోంది. చివర్లో ఒకటి తీసేస్తే సరిపోతుంది కదా?" అని అడిగింది. ఆమెకి అప్పటికే కొంచెం విసుగొచ్చింది. "ఒక్క రోజే కదండీ. ఒక్క రోజు తేడాకి ఏం మునిగిపోతుంది?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఆటో దిగి ఇసకలో నడిచేసరికి మధ్యాహ్నం మూడయింది. అది వజ్రపుకొత్తూరు దాటాక ఉన్న ఒక చిన్న రేవు. తాటాకు పందిరి కింద డెబ్బై ఏళ్ల ముసలాయన ఒకడు కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు అల్లుతున్నాడు. పక్కన ఆయన భార్య ఎండుచేపలు తిరగేస్తోంది. ఆయన పేరు సూరాడ దానయ్య, ఆమె పోలమ్మ. మాస్టారు ఇసకలోనే చతికిలబడ్డారు.

"దానయ్యా, మా అమ్మాయి ఒక్క రోజు తేడా వస్తే ఏం మునిగిపోతుందని అడుగుతోంది."

దానయ్య అల్లిక ఆపి ప్రసూనని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, సముద్రాన్ని ఎప్పుడూ చూడని పిల్లని చూసే జాలి ఉంది. "మునగనేదు తల్లీ. మునగబోయింది," అన్నాడు.

ఆయన చెప్పినది ఇది. ముప్పై ఏళ్ల కిందట ఒక సోమవారం, పొద్దు పొడవకముందే పడవ తోసుకుని వేటకి వెళ్లాడు. తోడు రావలసిన బావమరిదికి జ్వరం తగిలింది కాబట్టి ఒంటరిగా వెళ్లాడు. మధ్యాహ్నానికి ఇంజను ఆగిపోయింది. సాయంత్రానికి గాలి తిరిగింది. మర్నాడు ఎటు చూసినా ఒడ్డు లేదు. వాన కురిసినప్పుడు నీళ్లు పట్టుకుని, దొరికిన చేప పచ్చిగానే నమిలి బతికాడు. చావు భయం నాలుగు రోజులు ఉండి తరవాత అలిసిపోయి వదిలేసిందట. వదలనిది ఇంకొకటి ఉంది.

ఆ రేవులో అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. వేటకి వెళ్లినవాడు తిరిగి రాకపోతే మూడు ఆదివారాలు చూస్తారు. మూడో ఆదివారం పొద్దున్న అతని భార్యని ఒడ్డుకి తీసుకొచ్చి, గాజులు పగలగొట్టి, పుస్తెలు తీసేసి, మనిషి నీవాడయ్యాడని సముద్రానికి చెప్పి వస్తారు. సముద్రానికి ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం లేదు. ఆ తరవాత మొగుడు నడిచి వచ్చినా ఆమె చేతికి మళ్లీ గాజు ఎక్కదు.

"నాను సచ్చిపోతే అదొక దారి," అన్నాడు దానయ్య. "బతికున్నోడి పెళ్లం బొట్టు సెరిపేత్తారేటని నా ఏడుపు. అందుకనే పొద్దు పొడిసినప్పుడల్లా వల తాడుకి ఒక ముడేసినాను. సోమారం ఒక ముడి, మంగళారం ఒక ముడి. ఒంట్లో సత్తువ నేకపోయినా ముడి మాత్రం మాననేదు."

ఒక మధ్యాహ్నం పెద్ద ఓడ ఒకటి ఆయన్ని చూసింది. పైకి లాగి, నీళ్లు పట్టి, జావ పోసి పడుకోబెట్టారు. ఓడవాళ్లు మొజాంబిక్ వాళ్లని ఆయనకి చాలా కాలం తరవాత తెలిసింది. ఆ ఓడ మన తీరానికి వచ్చేది కాదు, అయిదు రోజుల దూరంలో ఉన్న మరో రేవుకి పోతోంది. అక్కడ ఇతని భాష తెలిసినవాడు దొరికితే ఊరూ పేరూ కనుక్కుని కబురు పెడదామని వాళ్ల ఆలోచన. అది దానయ్యకి తెలీదు, దానయ్య బెంగ వాళ్లకి తెలీదు. ఆయన తాడు తడుముకుని ముళ్లు లెక్కపెట్టాడు. పద్దెనిమిది ఉన్నాయి. అంటే గురువారం. మూడో ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది, ఓడ ఎక్కేశాను కదా, కాసేపు కన్ను మూసి లేచాక చెప్పుకుందాంలే అనుకున్నాడు.

కన్ను మూసేముందు, ఎందుకైనా మంచిదని, జావ పోసిన వంటవాణ్ని ఇవాళ ఏ వారమని అడిగాడు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. దానయ్య వేళ్లు ముందుకి పెట్టి ఆది, సోమ, మంగళ అంటూ ఏడు మడిచి చూపించి, అరచెయ్యి వెల్లకిలా తిప్పాడు. వంటవాడు ఆ వేళ్లకేసి చాలాసేపు చూశాడు. లోకంలో ఏడు ఉండేవి ఏమిటా అని ఆలోచించాడు కాబోలు. ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది. తన వేళ్లు తానూ తీశాడు. మొదటి వేలు చూపించి, కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు.

"ఆ దండం నాకు తెలుసమ్మా. మా పేటలో సర్చీకెల్లేవోలున్నారు. ఆదోరం ఆల దండం అదే."

ప్రసూన చెయ్యి ఆమెకి తెలియకుండానే పిడికిలి విప్పుకుంది. సోమవారం కాదు. వాళ్ల లెక్కకి మొదటి వేలు ఆదివారం.

"తరవాత రొండో యేలు, సెగుంద అన్నాడు. మూడో యేలు, తెర్స అన్నాడు. అలా యేళ్లు తీసుకుంటా ఎల్లి, ఆరో యేలి కాడ ఆగిపోనాడు. ఆగి, ఆ యేలు ఊపి, 'సెష్తా, సెష్తా' అని ఓడ బల్ల మీద కాలేసి తట్టినాడు. ఇయ్యాల అదీ అని." దానయ్య రెండు చేతులూ ఎత్తి ఆరు వేళ్లు చూపించాడు. "ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర. ఆరు! నా తాడు గురోరం అంటంది. ఆడి యేళ్లు శుక్రారం అంటన్నాయి. నడిమిలో జొరం కాసి నాను ఒక పొద్దు ఎరగనేదమ్మా. ఒక రోజు నాకు తెలకుండా నీళ్లలో పడిపోనాది."

నిద్ర ఎగిరిపోయింది. ఆయన లేచి కూర్చుని ఆరో వేలు చూపించాడు, ఏడో వేలు చూపించాడు, మళ్లీ మొదటి వేలు చూపించాడు. సముద్రం అంచు నుంచి సూర్యుడు లేవడం చేత్తో చూపించాడు. తన మణికట్టు పట్టుకుని దాని మీద లేని గాజులు బల్లకేసి కొట్టి పగలగొట్టాడు. కొట్టి, గొల్లుమన్నాడు. ఆ దేశంలో గాజులు పగలగొట్టే ఆచారం ఉందో లేదో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

"ఆడికేటి అరదమయినాదో ఆ బగమంతుడికే ఎరిక. తన యేలికున్న ఉంగరం కేసి ఒక్కపాలి సూసుకున్నాడు. అంతే, సేతిలో గరిటె అలాగే ఉంది, కేప్టెను గదికేసి పరుగో పరుగు."

వైర్‌లెస్ దగ్గర కూర్చోబెట్టి ఊరి పేరు ఇరవైసార్లు చెప్పించుకున్నారట. శుక్రవారం పొద్దు వాలే వేళకి బయల్దేరిన ఆ కబురు ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకి చేతులు మారుతూ, శనివారమంతా ఎక్కడెక్కడో ఆగుతూ, ఆదివారం పొద్దున్న ఒక కానిస్టేబులు సైకిలెక్కి, నాటుపడవ మీద గెడ్డ దాటి రేవులోకి వచ్చింది. అప్పటికి జనం ఒడ్డున ఉన్నారు. పోలమ్మ ఎడమ చేతి గాజులు ఇసకలో ముక్కలై ఉన్నాయి. ఒక ముసలమ్మ కుడి చెయ్యి పట్టుకుని ఉంది. పుస్తెల దాకా ఇంకా రాలేదు.

పెద్దలు కూర్చుని, ఒక చెయ్యి మిగిలింది కాబట్టి సముద్రానికి చెప్పిన మాట సగమే అయిందని, సగం మాట మాట కాదని తేల్చారు. పోలమ్మ ముత్తైదువగా లేచి ఇంటికి వెళ్లింది.

ఆ మాటకి పోలమ్మ ఎండుచేపల దగ్గర నుంచి లేచి వచ్చింది. ఎడమ చేతి గాజులు పైకి జరిపి మణికట్టు చూపించింది. గాజు ముక్క దిగిన చోట తెల్లటి గీత ఒకటి ఉంది. "ఈ మారాజు ఒక్క పొద్దు ఒళ్లెరక్కుండా తొంగున్నాడు, నా సెయ్యి తెగింది. ఓడ మీద కూడా అలాగే తొంగోనుంటే ఏటయ్యేదో అడగండి," అంది. దానయ్య తల వంచుకుని వల అల్లడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఈ దెప్పు తింటున్నా ఆయనకి అది చేదెక్కినట్టు లేదు.

పోలమ్మ ఇచ్చిన టీ చల్లారిపోతున్నా ప్రసూన తాగలేదు. ఆమె చూపు తన వేళ్ల మీదే ఉంది. పలాసలో శుక్రవారమైతే మొజాంబిక్‌లోనూ శుక్రవారమేనని ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన ఆ సంగతికి ఇవాళే మొదటిసారి ఒళ్లు జలదరించింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి దేవుడు ఇంకొకరికి తెలీదు. ఒకరు రోజులకి గ్రహాల పేర్లు పెట్టుకున్నారు, ఇంకొకరు అంకెలు పెట్టుకున్నారు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియని ఆ ఏడింటి లెక్కని రాజులు పోయినా, ఊళ్లు మునిగినా, కరువులొచ్చినా, ఎన్ని వందల ఏళ్లుగానో ఇక్కడి ముసలమ్మలూ అక్కడి వంటవాళ్లూ ఎవరి వేళ్ల మీద వాళ్లు ఎంచుకుంటూ వచ్చారు. నడిసముద్రంలో ఇద్దరు కలిసి చూసుకుంటే ఆ రెండు లెక్కలూ ఒకే వేలి మీద ఉన్నాయి. ఒక్కడు జారవిడిచిన రోజుని ముక్కూ మొహం తెలియని ఇంకొకడు పట్టుకుని ఉన్నాడు. తను నింపిన పట్టిక గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఎండ తగ్గాక మాస్టారు లేచి పంచె దులుపుకుని చెప్పులు వెతుక్కున్నారు. ప్రసూన కూడా లేచింది. పోలమ్మ గాజులు కిందికి జరుపుకుని మళ్లీ చేపల దగ్గరికి వెళ్లింది. ఆ చప్పుడుకి మాస్టారు అటు ఒకసారి చూసి, శిష్యురాలివైపు తిరిగి, చాలా మెల్లిగా అడిగారు.

"ఒకటి తీసేద్దామన్నావు కదమ్మా. ఏ రోజు తీసేద్దాం?"