దొరగారి జోడుగొట్టాల తుపాకీ

అడవి మా ఊరి పొలాల దాకా ఉన్న రోజులవి. ఆయుధపూజ నాడు దొర తన తుపాకులన్నీ పరిచి, "నచ్చింది తీసుకోరా" అన్నాడు పొలాల కాపలా సింగన్నతో. సింగన్న అన్నిటికన్నా చవకైన, తేలికైన ఒంటిగొట్టం తుపాకీ తీసుకున్నాడు.

"ఒక్క గుండే పేలుతుందిరా వెర్రోడా!"

"నేనే మోసుకోవాలి కదా దొరా!"

మర్నాడు వేటలో అడవిపంది దొర మీదికే దూసుకొచ్చింది. దొర తుపాకీ కోసం చెయ్యి చాచాడు. తానే మోస్తే పరువు తక్కువని తన జోడుగొట్టాల తుపాకీ బరువు నౌకరుకిచ్చాడు మరి. నౌకరేమో తుపాకీతో సహా చెట్టెక్కేశాడు. సింగన్న ఒక్క దెబ్బకి పందిని పడగొట్టాడు.

"ఆ ఒక్క గుండూ గురి తప్పితే ఏమయ్యేదిరా?" వణుకుతూనే గద్దించాడు దొర.

"నా గుండు ఒక్కటైనా చేతిలో ఉంది దొరా. మీ రెండూ చెట్టు మీదున్నాయి."

దొర పగలబడి నవ్వాడట. ఇప్పుడు ఆ అడవీ లేదు, అలా తన మీద తానే నవ్వుకోగల దొరలూ లేరు.