పన్నెండోసారి తుడవబోతే

కృత్తిక కంప్యూటర్‌లో మంచులోయ ఆట కుంటుతోంది.

మంగళవారం దాకా బాగానే ఉంది. బుధవారం పొద్దున ఆటకి కొత్త అప్‌డేట్ వచ్చింది. అప్పట్నుంచి సెకనుకి తొంభై బొమ్మలు చూపించాల్సిన తెర ఇరవై రెండే చూపిస్తోంది. సెలయేరు పారడం లేదు, మెట్టుమెట్టుకీ ఆగి దిగుతోంది. మనిషి పరుగెత్తడం లేదు, ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నాడు.

ఆదివారం ఆ ఆట పోటీల ఫైనల్. కాలేజీ అమ్మాయిల జట్టు ఫైనల్ దాకా రావడం ఆదోనిలో ఇదే మొదలు. జట్టుకి నాయకురాలు కృత్తిక. ఆడే ఐదుగురి పేర్లూ, ఎవరు ఏ పని చేస్తారన్నదీ శనివారం సాయంత్రం ఆరు లోపల చెప్పేయాలి.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం రెండు గంటలు.

కంప్యూటర్ డబ్బాని తువ్వాలులో చుట్టి, స్కూటర్ వెనక కూర్చున్న నాగవేణి ఒళ్లో పెట్టింది కృత్తిక. నాగవేణి జట్టుకి కొత్త. కోసిగి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది. చేరి పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో ఆమె ఎన్నిసార్లు తప్పు చేసిందో కృత్తికకి నోటికి వచ్చు. అందుకే ఆ ఐదో పేరు మార్చేయాలని పొద్దున్నే తీర్మానించుకుంది. నాగవేణి బదులు, జట్టులో ఆరో అమ్మాయి పావని. ఆ మాట నాగవేణికి ఇంకా చెప్పలేదు. ఆరింటికి చెప్పొచ్చులే అనుకుంది.

పత్తి మార్కెట్ వెనక సందులో దస్తగిరి ఉస్తాద్ కొట్టు. ఆయన చేతుల్లో ముందు రేడియోలు మాట్లాడాయి, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. ఒక్క ఆట కూడా ఆడి ఎరగడు. రెండేళ్లుగా ప్రతి సెలవుకీ కృత్తిక ఆ కొట్టులోనే కూర్చుని పని నేర్చుకుంది. తీగ అతకడం, దుమ్ము దులపడం, కాలిన వాసన పట్టి జబ్బు కనిపెట్టడం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఆ మాట గర్వంగా చెప్పుకుంటుంది కూడా. ఆ వెంటనే, "ఆటల సంగతి మాత్రం ఆయనకి తెలీదు" అని కలుపుతుంది.

"ఉస్తాద్, మీరు విప్పాల్సిన పని లేదు. తప్పెక్కడుందో నాకు తెలుసు. అప్‌డేట్ రాసినవాళ్లది."

"మంచిది. తెలిసినోళ్లు ఈడికి ఏంటికొచ్చినారు?"

నాగవేణి పక్కున నవ్వింది. కృత్తిక తిరిగి చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

కృత్తిక వాదన మొదలుపెట్టింది. తెరకి సంబంధించిన డ్రైవర్ మార్చింది. నీడలు తగ్గించింది. గడ్డి తీసేసింది. వెనకాల నడిచే ప్రోగ్రాములన్నీ ఆపేసింది. ఫ్యాన్లు తుడిచింది. ఒక్కో మాటకీ ఒక్కో వేలు మడిచింది. వేళ్లు అయిపోయి రెండో చెయ్యి తీసింది. దస్తగిరి ఉస్తాద్ సాసర్‌లో టీ పోసుకుని నిదానంగా తాగాడు. సాసర్ ఖాళీ అయ్యేసరికి ఆమె చేతులూ అయిపోయాయి.

"ఇప్పుడేం జేస్తావో అది చెయ్యి. నేను చూస్తా."

తన డబ్బాకి కొట్టులోని తెర తగిలించింది. ఆట తెరిచింది. నల్లటి తెర మీద సన్నటి గీత ఒకటి వచ్చింది. 'లోయ సిద్ధమవుతోంది, మూడు శాతం' అని ఉంది. దాని కింద 'దాటేయండి' అని ఒక గడి. కృత్తిక గీతని చూడనైనా లేదు. గడి నొక్కింది.

ఆట వచ్చింది. నాలుగడుగులు కుంటింది. ఆమె చిరాగ్గా ఆట మూసేసి, లోపలెక్కడో ఉన్న ఒక ఫోల్డర్ తెరిచి, అందులో ఉన్నవన్నీ ఒక్క ఊపున ఎంచుకుంది. వేలు డిలీట్ మీటకేసి వెళ్లింది.

"ఆగు. ఇదేంది?"

"తుడిచేస్తున్నా ఉస్తాద్. అప్‌డేట్ తర్వాత ఇది తుడవాలని ఇంటర్నెట్‌లో అందరూ రాశారు."

"ఎన్నిసార్లు తుడవమని రాసినారు?"

కృత్తిక వేలు వెనక్కి తీసుకుంది.

"నువ్వెన్నిసార్లు తుడిచినావు?"

"పదకొండు," అంది నాగవేణి.

"నిన్నెవరడిగారే?"

"సారీ అక్కా. లెక్క బెట్టుకోమని నువ్వే చెప్పినావు."

ఉస్తాద్ స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "ఆ సంచీలో ఏముంటాది బేటీ? నాకు దెలీదు. నువ్వే చెప్పాల."

ఇది కృత్తికకి తెలిసిన సంగతే. తెలిసిన సంగతి చెప్పమంటే ఆమె ఎప్పుడూ వెనకాడదు. "నీళ్లెలా గీయాలి, మంట ఎలా గీయాలి, మంచు మీద వెలుగు ఎలా పడాలి, అవన్నీ. కంప్యూటర్ ఒక దాన్ని మొదటిసారి చూసినప్పుడు లెక్క కట్టుకుని అందులో రాసిపెట్టుకుంటుంది. రెండోసారి ఆ రాసింది చూసి గీసేస్తుంది. అప్‌డేట్ వస్తే పాత రాతలు పనికిరావు. అందుకే తుడవాలి."

"ఒకసారి తుడిచింది తప్పు కాదు, అయితే."

"అదే కదా నేననేది!"

"మొదటిసారి చూసేటప్పుడు ఎట్లుంటాది దానికి?"

"కొంచెం తడబడు..."

మాట మధ్యలో ఆగింది. కొట్టు పైకప్పు రేకుల మీద చినుకులు పడటం అప్పుడే మొదలైంది. ఒకటి, రెండు, తర్వాత గుప్పెడు.

కానీ వాదనలో గెలవడం అలవాటైనవాళ్లు ఓడిపోయాక కూడా రెండు వాక్యాలు మాట్లాడతారు. "తడబడితే తడబడింది, ఇంతా? నాకు ఫైనల్ రేపు, ఉస్తాద్! అది నేర్చుకునేదాకా నేను ఓపిక పట్టాలా? ఇంకొక్కసారి తుడిస్తే సరిగ్గా వస్తుందేమో..."

వేలు మళ్లీ మీట మీదికి వెళ్లింది.

దస్తగిరి ఉస్తాద్ బల్ల మీదున్న సన్నటి పట్టకారు తీసుకున్నాడు. కీబోర్డు మీదికి వంగి, డిలీట్ మీటని పన్ను పీకినట్టు మెల్లగా పైకి లేపి ఊడదీశాడు. పైజేబులో వేసుకున్నాడు.

కృత్తిక నోరు తెరిచింది. "ఉస్తాద్! అది లేకపోయినా తుడవొచ్చు. మౌస్‌తో నొక్కితే వస్తుంది."

"వస్తాది. చెయ్యి మాత్రం ముందు ఈడికే గదా పోయేది."

నిజమే. ఆమె వేలు ఆ ఖాళీ చోటునే తడుముతోంది.

"ఆట తెరువు. ఆ గీత నిండనీ. దాటేయొద్దు."

వాన పెద్దదైంది. గీత కదిలింది. నాలుగు శాతం. ఐదు. వీధిలో పత్తి బస్తాల మీద ఎవరో పట్టాలు కప్పుతున్నారు. కొట్టు మూలలో మరమ్మతుకొచ్చిన పాత రేడియో ఒకటి ఏ స్టేషనూ పట్టకుండా సన్నగా గుసగుసలాడుతోంది. వాన చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, ఆ గుసగుస అన్నీ కలిసి ఒకే చప్పుడైపోయాయి. పదహారు శాతం. కృత్తిక కాలు ఆడిస్తోంది. ఇరవై తొమ్మిది. కాలు ఎప్పుడాగిందో ఆమెకి తెలీదు.

"నువ్వేం ఆడతావు పాపా?" ఉస్తాద్ నాగవేణిని అడిగాడు.

"మొదట ముందు నడిచేదాన్ని సార్. దారి తప్పినా. తర్వాత దీపం మోసినా. మంచులో దీపం మోసేవాళ్లు ఎవర్నీ కొట్టగూడదు, నేను కొట్టేసినా. తర్వాత వెనక కాపలా. నిన్న వంతెన కాపలా ఇచ్చినారు. మూడుసార్లు వాగులో పడినా." నాగవేణి సిగ్గుగా నవ్వింది. "ఇయ్యాల ఏందో అక్క చెప్పాల."

ఉస్తాద్ తలూపి రాగి తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. కృత్తిక గీతకేసి చూస్తూ ఉండిపోయింది. యాభై ఒకటి. అరవై. ఆమె జీవితంలో ఒక గీత నిండటాన్ని మొదటి నుంచి చివరిదాకా చూడటం ఇదే మొదటిసారి.

నూరు.

"ఇప్పుడు నడువు," అన్నాడు ఉస్తాద్. "ఎవర్నీ కొట్టొద్దు. పరుగెత్తొద్దు. లోయంతా ఒకసారి నడిచి రా."

"నడిస్తే ఏమొస్తుంది?"

"ఏమీ రాదు. నడువు."

కృత్తిక నడిచింది. మొదటి మలుపులో తెర ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. అక్కడొక జలపాతం ఉంది. కంప్యూటర్ దాన్ని ఇప్పుడే చూసింది. బిగబట్టిన ఊపిరి వదిలింది, నీళ్లు పడ్డాయి. తర్వాతి మలుపులో గొర్రెల కాపరి గుడిసె. పొగ. మళ్లీ ఒక తడబాటు, మళ్లీ పొగ కదిలి పైకి పోయింది. దేవదారు చెట్ల కొమ్మల మీంచి మంచు జారింది. కొండ వాలున దీపాలు ఒక్కొక్కటీ ముందు గడ్డకట్టినట్టు నిలబడి, తర్వాత రెపరెపలాడాయి. ఏ కొత్త దాని ముందైనా అదే వరస. ముందు ఆగడం, తర్వాత పారడం.

తొమ్మిది నెలలుగా ఆడుతున్న లోయ ఇది. పరుగెత్తడం, నరకడం, గెలవడం తప్ప ఇందులో ఆమె వేరే పని చేసింది లేదు.

"అక్కా," నాగవేణి ఆమె భుజం మీంచి వంగి గుసగుసగా అంది, "వంతెన కింద చేపలుండాయి సూడు."

ఉన్నాయి. ఎర్రటివి. నీళ్ల కింద నీడల్లా తిరుగుతున్నాయి.

"ఎప్పట్నుంచీ ఉన్నాయే ఇవి?"

"ఎప్పుడూ ఉండాయక్కా. నేను పడినప్పుడల్లా చూస్తా గదా."

కృత్తికకి నవ్వొచ్చింది. వంతెన మీద నిలబడి చేపల్ని చూసింది. రేకుల మీద వాన పడుతోంది, లోయలో మంచు పడుతోంది, ఏది ఎక్కడ పడుతోందో కాసేపు తెలియలేదు. కొట్టంతా తెరలోకి జరిగినట్టుంది. గుసగుసలాడే రేడియో ఆ వాగు ఒడ్డునే ఎక్కడో ఉన్నట్టుంది.

లోయంతా తిరిగి మొదటికి వచ్చేసరికి నాలుగున్నర. ఉస్తాద్ చెప్పకుండానే రెండోసారి బయల్దేరింది. మొదటి మలుపు. జలపాతం పారుతూనే ఉంది. గుడిసె. పొగ పైకి పోతూనే ఉంది. కొండ వాలున దీపాలన్నీ ఒక్కసారే రెపరెపలాడాయి. వాగు ఎక్కడా ఆగలేదు. తెర మూలన అంకె తొంభై చూపిస్తోందని నాగవేణి చెప్పేదాకా కృత్తిక అటు చూడలేదు.

"అయిపోయిందా అక్కా? బాగైపోయిందా?"

కృత్తిక ఉస్తాద్ వైపు చూసింది. ఆయన తీగ చుట్టుకుంటున్నాడు.

ఆమె లేచి కుర్చీ ఖాళీ చేసింది. "కూర్చో."

"నేనా?"

"వంతెన మీద నిలబడు. అటువైపు నుంచి వచ్చేవాళ్లని దాటనివ్వొద్దు."

నాగవేణి పావడా సర్దుకుని కుర్చీ అంచున కూర్చుంది. వంతెన మీదికి నడిచింది. అటునుంచి కంప్యూటర్ పంపిన సైనికుడొకడు వచ్చాడు. నాగవేణి పక్కకి తప్పుకోబోయింది. వాగులో పడింది.

"అక్కా, పడినా."

కృత్తిక చెయ్యి అప్పటికే మౌస్ వైపు పోయింది. ఇంకో జానెడు దూరంలో గాలిలో ఆగింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత వెనక్కి వచ్చి చున్నీ కొంగు పట్టుకుంది.

"మళ్లీ ఎక్కు."

మళ్లీ పడింది. ఈసారి రెండు దెబ్బలు కొట్టి పడింది.

"మళ్లీ."

"తిట్టవా అక్కా?"

"చేపలెలా ఉన్నాయి?"

"బాగుండాయి."

"అయితే ఎక్కు."

ఐదోసారికి సైనికుడు పడ్డాడు. నాగవేణి చప్పట్లు కొట్టబోయి, చేతులు మీటల మీద ఉన్నాయని గుర్తొచ్చి ఆగింది. అటునుంచి ఇంకొకడు వస్తున్నాడు. వాడు ఆమెని పడేశాడు. ఆమె ఎవరూ చెప్పకుండానే ఎక్కింది.

వాన వెలిసింది. ఆరుకి పది నిమిషాలుందనగా కృత్తిక ఫోన్ మోగింది. పోటీ నిర్వాహకుడు. గొంతు అలసిపోయి ఉంది.

"ఏమ్మా, మీ జట్టు ఒక్కటే మిగిలింది. పేర్లు చెప్పండి."

కృత్తిక చెప్పింది. ముందు నడిచేది తను. దీపం మోసేది షాహిన. ఎడమ పక్క భువన. వెనక కాపలా సుకన్య. అటువైపు కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఐదో పేరు?"

ఉస్తాద్ తలెత్తలేదు. తీగ ఆయన వేళ్ల చుట్టూ ఒకే వరసలో తిరుగుతోంది.

"నాగవేణి."

తన పేరు వినగానే నాగవేణి ఆట ఆపి ఇటు తిరిగింది. ఇవాళ తనేం కావాలో తెలుసుకోవడానికి, బెదురు కళ్లతో, ఎదురు చూసింది.

"ఆ అమ్మాయి పనేంటమ్మా?"

కృత్తిక ఆ కళ్లలోకి చూస్తూ ఫోన్లో చెప్పింది.

"వంతెన కాపలా. నిన్న చేసిందే."