వెండి నాగలి కోసం ఆగిన పదును

చిత్రగిరి అనే రాజ్యం ఒకటి ఉండేది. ఎక్కడని నన్నడక్కండి, చెప్పిన మా తాతకే తెలియదు. దాన్ని ఏలే గజసింహ మహారాజుకి ఒక జబ్బు ఉండేది. వైద్యులు కుదిర్చే జబ్బు కాదు. ఏ పనైనా తన చేతి మీదుగానే, అదీ మేళతాళాలతోనే మొదలవ్వాలి.

ఆ రాజ్యంలో ఏరువాక ఆచారం ఉంది. తొలకరి పడ్డాక రాజు వచ్చి మొదటి చాలు దున్నాలి. ఆ తర్వాతే ఊళ్ళలో నాగళ్ళు కదలాలి. ముందుగా ఎవడైనా దున్నితే వాడి ఎడ్లను కోటకు తోలుకుపోతారు. పాత రాజులు వాన వెలిసిన మర్నాడే పంచె ఎగ్గట్టి వచ్చి, చాలు వేసి, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

మన గజసింహుడికి అది మరీ చప్పగా అనిపించింది. నాగలికి వెండి తొడుగు వెయ్యాలన్నాడు. ఎడ్ల కొమ్ములకు బంగారు కుప్పెలన్నాడు. ముందు ఏనుగులు నడవాలి, వెనక భట్టులు తన బిరుదులు చదవాలి అన్నాడు. ఇవన్నీ తయారు కావడానికి పదకొండు రోజులు పడుతుందన్నారు కంసాలులు. "పట్టనివ్వండి, మనకేం తొందర" అన్నాడు రాజు.

వాన మాత్రం కంసాలులను అడిగి రాలేదు. మృగశిర కార్తె మొదట్లోనే దంచి కొట్టింది. నేల నానింది, మర్నాటికి పదునెక్కింది. అంటే మట్టి బురదగా అంటుకోకుండా, బెడ్డలుగా బిగుసుకోకుండా, నాగలి దిగితే మెత్తగా విచ్చుకునే తడి అన్నమాట. అది మూడు రోజులుంటుంది, మహా అయితే నాలుగు. ఆ పైన ఎండ పీల్చేస్తుంది.

ఒక రోజు పోయింది. రైతులకు కాలు ఒకచోట నిలవదు. కాడి భుజాన వేసుకుని చేను దాకా వెళ్ళడం, పిడికెడు మట్టి తీసి నొక్కి చూడటం, కాడి దించకుండానే ఇంటికి తిరిగి రావడం. అన్నం ముందు కూర్చుంటే సయించదు. పడుకుంటే నిద్ర రాదు. రెండో రోజూ అలాగే తెల్లవారింది.

వాళ్ళలో గురవమ్మ అని ఒకావిడ ఉంది. మొగుడు పోయాక ఉన్న కాస్త చేనూ తనే దున్నుకుంటోంది. కిందటేడు వానల్లేక పంట పోయింది. అయినా విత్తనాల జొన్నలు ముట్టుకోకుండా, పస్తులుండి దాచింది. ఈ పదును పోతే ఆ జొన్నలు వండుకు తినాలి, అవి అయిపోగానే ఊరు వదిలి పోవాలి. ఆవిడ ఇంక ఉండబట్టలేక నలుగురు రైతులను వెంటేసుకుని కోటకొచ్చి, గుప్పెడు మట్టి తీసి రాజుకు చూపించింది.

"దొరా, ఇంకా తడుంది. ఎల్లుండికి ఉండదు. దున్నుకోమని సెలవియ్యండి."

"పదకొండు రోజులాగలేరా?"

"మేం ఆగుతాం దొరా. నేల ఆగదు. మేం విత్తకపోతే మా సంగతి సరే, ఈ కోటలో మాత్రం ఏం వండుకుంటారు?"

రాజుకు కోపం వచ్చింది. "మట్టి ఆరితే మళ్ళీ తడవదా? రాజు కంటే ముందు మీ నాగలా? పొండి" అన్నాడు.

వాళ్ళు ఇళ్ళకు పోలేదు. కోట గుమ్మం ముందే ఆ రోజంతా లేస్తూ కూర్చుంటూ గడిపారు. ఆస్థానంలో పేరిశాస్త్రి అనే మాటకారి ఉన్నాడు. రాజును నవ్వించడం ఆయన కొలువు. ఆ సాయంత్రం గుమ్మం దాటుతూ గురవమ్మ చేతిలో మట్టిని తనూ నొక్కి చూశాడు. అప్పటికే పొడి రాలుతోంది. ఆయన మనసు మనసులో లేదు.

మర్నాడు పొద్దున్నే రాజుగారికి క్షవరం. మంగలి కోటప్ప గోరువెచ్చని నీళ్ళతో గడ్డం తడిపి, బాగా రుద్ది నానబెట్టి, కుడి చెంప నున్నగా గీశాడు. ఎడమ చెంప మీద కత్తి పెట్టబోతుండగా శాస్త్రి పరుగున వచ్చాడు.

"ఆగు కోటప్పా. ప్రభూ, నిన్నటి మీ ఆజ్ఞ విన్నాక నాకు బుద్ధి వచ్చింది. రాజ్యంలో నేలకే వెండి నాగలి తగలాలంటే, సాక్షాత్తూ రాజుగారి చెంపకు ఈ బోడి ఇనప కత్తా? వెండి కత్తి చేయించాను. మేళంతో ఊరేగుతూ వస్తోంది."

రాజు పొంగిపోయాడు. "ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎవరికీ రాలేదేమయ్యా" అని కుదురుగా కూర్చున్నాడు.

మేళం వినిపిస్తోంది, దగ్గరికి మాత్రం రావడం లేదు. తూర్పు వీధి, పడమటి వీధి, మళ్ళీ తూర్పు వీధి. గడ్డం మీద తడి ఆరింది. చెంప బిర్రబిగిసి దురద మొదలైంది. రాజు ఇటు కదిలాడు, అటు కదిలాడు, లేచాడు, కూర్చున్నాడు. చివరికి విసుగెత్తి, "ఆ వెండి కత్తి సంగతి తర్వాత. నీ కత్తితోనే కానియ్యి" అన్నాడు.

కోటప్ప కత్తి పెట్టాడు. ఎండిన గడ్డం మీద అది చర్రున గీరుకుంది. రాజు ఎగిరిపడ్డాడు.

"ఒరే, తడి ఉన్నప్పుడే గియ్యాలని నీకు తెలియదుట్రా?"

"తెలుసు మహాప్రభో. ఊరేగింపు కోసం ఆగమన్నారు, ఆగాను."

"తడి ఆరిపోతుంటే ఊరేగింపు కోసం ఆగేవాడు ఎంత తెలివితక్కువవాడై ఉండాలి?"

శాస్త్రి చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. రాజు ఆయన్ని చూశాడు, కోటప్పను చూశాడు. మాట తన నోటి నుంచే వచ్చిందని తెలిసి, కాస్త తగ్గి, "సరే, మళ్ళీ తడుపు" అన్నాడు.

కోటప్ప చెంబులో చెయ్యి ముంచాడు.

"మీ గడ్డానికి ఈ చెంబెడు నీళ్ళు చాలు ప్రభూ" అన్నాడు శాస్త్రి. "గుమ్మంలో ఉన్నవాళ్ళ చేలను మళ్ళీ తడపాలంటే ఆ చెంబు ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలో ఉంటే చెప్పండి, వాళ్ళు పదకొండు రోజులూ నిశ్చింతగా పడుకుంటారు."

గజసింహుడు డాంబికుడే గాని దుర్మార్గుడు కాదు. ముఖం చిన్నబోయింది. కోటప్ప చేతిని పక్కకు తోసి లేచాడు.

"ప్రభూ, ఆ రెండో చెంప కూడా అయ్యాక వెళ్ళొచ్చు" అన్నాడు శాస్త్రి.

"అప్పటికి వాళ్ళకి ఇంకో ఘడియ పోతుందయ్యా" అన్నాడు రాజు. సగం గడ్డంతోనే గుమ్మంలోకి నడిచాడు.

"అందరూ దున్నుకోండి. ఇక నుంచి ఈ రాజ్యంలో ఎవరి చేను పదునెక్కితే వాళ్ళదే మొదటి చాలు. రాజు చాలు ఆఖర్న" అని చెప్పాడు.

చెప్పి, మెడ నిక్కించి, జయజయధ్వానాల కోసం ఎదురుచూశాడు. ఒక్క నోరు లేవలేదు. కళ్ళు దించి చూస్తే గుమ్మం ముందు ఒక్క మనిషి లేడు. దూరంగా దుమ్ము రేగుతోంది. అందరికంటే ముందు గురవమ్మ, చీర చెంగు నడుముకు బిగించి, చేనుకేసి పరుగెడుతోంది.

"ఇంత వరమిస్తే దణ్ణమైనా పెట్టలేదేమయ్యా?" అన్నాడు రాజు, సగం గడ్డం తడుముకుంటూ.

"వరమెక్కడిది ప్రభూ? వాళ్ళ పదును వాళ్ళకి వదిలారు. దణ్ణం పెడుతూ నిలబడితే అదీ ఆరిపోతుంది."

రాజు ఒక్క క్షణం గుర్రుగా చూసి, తర్వాత పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి శాస్త్రి మెడలో వేశాడు. ఆ మధ్యాహ్నానికే గురవమ్మ జొన్నలన్నీ నేలలో ఉన్నాయి.