రెండు కార్డుల కెమెరా

పత్తికొండ సుంకన్నకి వచ్చిన చిక్కు వినండి. వింటే చిన్నదే. ఆయనకి మాత్రం వారం రోజులుగా ముద్ద దిగలేదు.

సుంకన్న పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తాడు. పాత కెమెరా అరిగిపోయింది. ఆదోనిలో కొట్టాయన రెండు కెమెరాలు చూపించాడు. ఒకటి మధ్యరకం, చేతిలో ఉన్న డబ్బుకి వచ్చేస్తుంది. రెండోది పట్నంలో పెద్దపెద్దవాళ్లు వాడేది. అది కావాలంటే భార్య ఈరమ్మ మెడలో గొలుసు బ్యాంకుకి పోవాలి. ఈరమ్మ కాదనలేదు, అడక్కముందే తీసి ఇచ్చింది. అదే ఆయనకి మరీ బరువైంది. వారం చూసిన కొట్టాయన, ఇవాళ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు.

ఏం చేస్తాడు? మదారు తాత దగ్గరికి పోయాడు.

మదారు తాత అంటే ఊరి చివర గుట్ట మీది చిన్న దర్గా పక్కన ఉండే పెద్దాయన. పరుపులకి దూది ఏకుతూనే వచ్చినవాళ్ల గోడు వింటాడు. కుంకుమ పెట్టుకున్నవాళ్లూ, టోపీ పెట్టుకున్నవాళ్లూ అదే చాప మీద కూర్చుంటారు. పదేళ్లుగా సుంకన్న ఆయన్ని అడక్కుండా ఏ పనీ మొదలుపెట్టలేదు.

"తాతా, చిన్నదా, పెద్దదా?"

"ఏ దాంట్లో ఫొటో బాగొస్తాది?"

"పెళ్లి పందిట్లో అయితే రెండింట్లోనూ ఒకటే."

"మరి పెద్దదాంట్లో ఏముందిరా?"

"రెండు కార్డులు పడతాయి తాతా. తీసిన ఫొటో రెండింట్లోకీ పోతాది. ఒక కార్డు చెడిపోయినా ఇంకోదాంట్లో ఉంటాది. చిన్నదాంట్లో ఒక్కటే."

తాత దూది ఏకడం ఆపలేదు. "ఎవురి ఫొటోలు పోయినాయిరా?"

సుంకన్న చాప ఈనెలు లాగుతూ చెప్పాడు. రెండేళ్ల కిందట దేవనకొండలో శివలీల అనే అమ్మాయి పెళ్లి. కార్డు చెడిపోయింది. కర్నూలు తీసుకుపోయాడు, హైదరాబాదు పంపించాడు. ఒక్క ఫొటో తిరిగి రాలేదు. ఆ ఇంటివాళ్లకి ఎలా చెప్పాలా అనుకుంటూ ఉండగానే, ఇరవయ్యో రోజున పెళ్లికూతురి తండ్రి ఉరుకుందప్ప గుండె ఆగి పోయాడు. బంధువుల ఫోన్లలో అన్నీ పెళ్లికూతురివీ పెళ్లికొడుకువీ. పందిరి వెనక వంటల కాడ తిరిగే మనిషిని ఎవరు తీస్తారు చెప్పండి?

"ఆ పిల్ల ఫోన్ చేసింది తాతా. మా నాయనది ఒక్కటి ఉన్నా ఇయ్యన్నా అని. మళ్లా చేసింది. నేను ఎత్తలేదు. తీసుకున్న డబ్బు మా మామతో పంపించేసినా. ఆ దారి మళ్లా తొక్కలా."

తాత దూది ఏకే విల్లు పక్కన పెట్టాడు. గడ్డం మీది దూది దులుపుకున్నాడు. చెప్పులేసుకున్నాడు.

"పా."

"యాడికి తాతా?"

"దేవనకొండకి."

"కెమెరా సంగతి?"

"అది యాడికీ పోదులే. బండి తియ్."

ఊరు దగ్గరపడేకొద్దీ సుంకన్న బండి నడకకంటే మెల్లగా పోతోంది. "ఆ యమ్మ తిడతాది తాతా."

"తిట్టనీ. ఇద్దరం ఉండాం గదా, తలాకొంచెం తిందాం."

అదృష్టమో దురదృష్టమో, శివలీల పుట్టింట్లోనే ఉంది. వాకిట్లో సుంకన్నని చూడగానే గుర్తుపట్టింది. ఆమె తల్లి ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. తాత అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు, చుట్టపుచూపుకి వచ్చినట్టే.

సుంకన్న నిలబడే చెప్పాడు. "కార్డు చెడిపోయిందమ్మా. ఒక్కటీ మిగల్లేదు. నీకు చెప్పే ధైర్యం చాలక ఫోన్ ఎత్తలేదు."

అమ్మాయి తిట్టలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"ఆ పొద్దంతా నేను తల వంచుకోని కూచున్నా అన్నా. మా నాయన ఏం చేస్తాండాడో చూడనే లేదు. నువ్వు చూసినావు గదా. చెప్పు."

సుంకన్న తాత వైపు చూశాడు. తాత నీళ్లు తాగుతున్నాడు.

కళ్లు మూసుకున్నాడు సుంకన్న. అప్పుడు, దేవుడి దయ అనండి ఇంకేమన్నా అనండి, ఆ పందిరంతా కళ్లముందుకొచ్చి నిలబడింది.

"మీ నాయన కొత్త పంచె కట్టుకున్నాడమ్మా. అంచుకి మిల్లు కాగితం అట్లనే ఉన్నింది. ఎవురూ చెప్పలా, ఆయన చూసుకోలా. తాళి కట్టేటప్పుడు స్తంభం వెనక నిలబడినాడు. అందరూ అక్షింతలు ఏసినారు. ఆయన మాత్రం గుప్పిట తెరవడం మరిచిపోయి నిన్నే చూస్తా ఉన్నాడు. మళ్లా ఎవురో పిలిస్తే, ఆ గుప్పిట అట్లనే జేబులో పెట్టుకోని పోయినాడు."

లోపలి గుమ్మం దగ్గర గాజులు కదిలాయి. తల్లి వచ్చి నిలబడింది.

"ఆ చొక్కా ఉతికేటప్పుడు జేబులో పసుపు బియ్యం ఉన్నింది," అంది. "ఏందో అనుకున్నా."

"ఇంకా," అంది శివలీల.

"నిన్ను జీపు ఎక్కించినాక నీ దగ్గరికి రాలేదు చూడు. జీపు చుట్టూ తిరిగి టైర్లు నొక్కుకుంటా ఉన్నాడు. నాలుగు టైర్లూ, మళ్లా నాలుగు టైర్లూ. డ్రైవరు, గాలి నిండా ఉందన్నా, అంటే కూడా వినలా."

అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తల్లి ఆమె పక్కన కూలబడి, "ఇంకా చెప్పు నాయనా," అంది.

సుంకన్న చెప్తూనే ఉన్నాడు, పొద్దు వాలేదాకా. వాళ్లు బలవంతంగా అన్నం పెట్టారు. వారం రోజుల్లో మొదటిసారి ఆయన కడుపునిండా తిన్నాడు.

ఇద్దరూ బండి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. కొట్టాయన. "కొట్టు మూస్తాండాను సుంకన్నా. ఏది పక్కన పెట్టమంటావు?"

సుంకన్న ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి తాతని చూశాడు. "ఏం చెప్పమంటావు తాతా?"

"ఇప్పుడు దేనికిరా నీకు కెమెరా?"

సుంకన్న ఆలోచించాడు. "ఫొటోలు తీసేదానికే తాతా. భయానికి కాదు."

తాత వెనక సీటు మీది దుమ్ము చేత్తో తుడిచి ఎక్కి కూర్చున్నాడు.

"చిన్నదే పక్కన పెట్టన్నా," అన్నాడు సుంకన్న ఫోన్లో.