రాజుగారి కాకర పాయసం

ఒకానొక రాజ్యాన్ని ప్రతాపమల్లుడనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే కానీ, ఎవరైనా ఎదురు చెబితే ఓర్చుకోలేడు. తన ముద్ర పడనిదే రాజ్యంలో ఏ పనీ జరగకూడదని ఒకసారి ఆజ్ఞ వేశాడు. కాలువ తూము ఎత్తాలన్నా ముద్ర రావలసిందే.

కొన్నాళ్లకు, ఈ కొత్త పద్ధతి ఎలా సాగుతోందో పరిశోధించమని పేరిభట్టు అనే పండితుణ్ణి నియమించాడు. కొలువులు ఎలా నడుస్తాయి, ఎలా మారతాయి అన్నదే ఆయన చదివిన శాస్త్రం. ఆయన ప్రతి కచేరీకీ వెళ్లి ఉద్యోగులను ప్రశ్నించాడు. ముచ్చటపడి రాజు కూడా వెంట వెళ్లాడు.

"ప్రభూ! ఒక్కరంటే ఒక్కరు కూడా లోపం చెప్పలేదు. ఇక ఈ పద్ధతిని ఇలాగే కొనసాగించవచ్చు" అని పేరిభట్టు నిండు సభలో ప్రకటించాడు.

ఆస్థాన విదూషకుడు తిప్పనకు ఆ మాట మింగుడుపడలేదు. ఆ ఉదయమే అతడు కాలువ గట్టున నడిచి వచ్చాడు. ముద్ర రాక తూములు మూసే ఉన్నాయి. దిగువ పొలాలు బీటలు వారాయి. నేరుగా చెబితే తన తల పోతుంది, ఊరుకుంటే జనం పంట పోతుంది.

తిప్పన లేచి, "ఇంత శుభవార్త విన్నాక నోరు తీపి చేసుకోవద్దా ప్రభూ? రేపటి విందు నాకు వదిలేయండి" అన్నాడు.

మర్నాడు అందరి ముందూ వెండి గిన్నెల్లో పాయసం పెట్టించాడు. "ఇది ప్రభువులవారు స్వయంగా చెప్పి వండించిన పాయసం. ఎలా ఉందో సెలవివ్వండి!"

తాను అలాంటిదేమీ చెప్పలేదని రాజుకు తెలుసు. అయినా ఆ పొగడ్త బాగుండి, మీసం దువ్వుకుంటూ ఊరుకున్నాడు.

మంత్రి ఒక గుక్క తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమృతం ప్రభూ!"

సేనాపతి కళ్లు మూసుకుని మింగాడు. "ఇలాంటిది జన్మలో తినలేదు!"

"మహత్తరం!" అని పేరిభట్టు చెంబెడు మంచినీళ్లు తాగాడు.

రాజుకు నోరూరింది. ఇంత నోట్లో వేసుకుని, థూ అని ఉమ్మేశాడు. "ఏమిటయ్యా ఈ చేదు?"

"కాకరకాయ పాయసం ప్రభూ. బెల్లం వేయనివ్వలేదు."

"మరి వీళ్లంతా అమృతమన్నారే!"

"తమరు ఎదురుగా ఉన్నారు కదా ప్రభూ! కొత్త పద్ధతిలో లోపం లేదన్నవీ ఈ నోళ్లే."

రాజు విందుకు వచ్చిన తూముల అధికారి వైపు తిరిగాడు. "నిజం చెప్పు. శిక్ష ఉండదు."

"ప్రభూ... ముద్ర వచ్చేలోగా పైరు ఎండిపోతోంది" అన్నాడతడు. అతడి వెనకాల ఇంకొకరు నోరు విప్పారు, ఆపైన మరొకరు.

పేరిభట్టు చేతులు జోడించాడు. "తప్పు నాది ప్రభూ. అడగవలసిందే అడిగాను, కానీ తమరి ఎదుట అడిగాను. ఈసారి ఒక్కణ్ణే వెళ్లి అడిగి వస్తాను."

రాజు గిన్నెలోకి చూశాడు, సేనాపతి మొహం చూశాడు, పకపకా నవ్వేశాడు. "జన్మలో తినలేదన్నావు చూడు, నువ్వొక్కడివే నిజం చెప్పావయ్యా!"

ఆ పూటే ముద్ర లేకుండానే తూములు లేచాయి. రాజు తన మెడలోని ముత్యాలహారం తిప్పనకు వేసి, "రేపటి నుంచి నీ ఆసనం నా పక్కనే" అన్నాడు.

"పక్కన వద్దు ప్రభూ, ఎదురుగా వేయించండి. పక్కన కూర్చుంటే నేనూ తమరు చూసేవైపే చూస్తాను."

రాజు మళ్లీ నవ్వి, ఆసనం ఎదురుగానే వేయించాడు.