పేరు నిలవని గడప

పూర్వం రోమకులు దేశదేశాలను ఏలుతున్న రోజులలో, సున్నపురాతి కొండల నడుమ సెవేరియా అనే నగరం ఉండేది. ఆ నగరంలో మేడలకు, విగ్రహాలకు కొదువ లేదు గాని తాగడానికి మంచినీరు లేదు. బావులు చెడి, పసిపిల్లలు రోగాలపాలై కన్నుమూస్తుంటే ప్రజలు మొరపెట్టుకున్నారు. అప్పుడు నగరపాలకుడు కొండమీది ఊట నుండి ఊరిదాకా కమానుల మీదుగా నీటిని తెచ్చే వంతెన కట్టడానికి ఒప్పుకుని, ఇంటికొక రాయి ఇవ్వాలని చాటింపు వేయించాడు. ఆ పాలకుడి పేరు ఇక్కడ చెప్పను. చెప్పకూడదు కూడా.

ఊరి చివర మట్టిగుడిసెలో ఒక అవ్వ ఉండేది. ఇద్దరు మనవలను ఆ పాడునీటికే పోగొట్టుకుని, మిగిలిన ఒక్క మనవరాలిని కళ్ళలో పెట్టుకుని సాకుతున్నది. ఆ గుడిసెలో రాయి అన్నది గడప ఒక్కటే. అవ్వ దానినే పెకలించి ఇచ్చింది. “గడప లేని కొంపలోకి పాములొస్తాయే అవ్వా!” అని ఇరుగమ్మ ఎగతాళి చేస్తే, “రానీ తల్లీ, వాటికీ దాహమే కదా” అన్నది. ఊరంతా ఇచ్చినా ఇవ్వనివాడు పాలకుడొక్కడే. తనది మేడ గాని ఇల్లు కాదు గనుక చాటింపు తనకు వర్తించదన్నాడట! పసిబిడ్డలు చస్తున్న ఊళ్ళో ఈ మాట అనడానికి ఆ నోరెలా వచ్చిందో!

అవ్వ గడప పొడవు సరిపోయినందున, కాలువ కోటగోడ దాటి ఊళ్ళోకి వచ్చే చోట శిల్పులు దానిని అడ్డంగా పరిచారు. పని పూర్తి కాగానే పాలకుడు సరిగ్గా ఆ రాతిమీదనే తన పేరును జానెడు జానెడు అక్షరాలతో చెక్కించాడు. నీరు వదిలిన రోజున పాదరక్షలతో దానిమీద నిలబడి, ఈ జలం తన దానమని ఉపన్యసించాడు. నీరు కమానులన్నీ దాటి గలగలా వచ్చి గడప ముందర ఆగింది. వెనుకనుండి ఎంత నీరు వచ్చి చేరుతున్నా పొర్లలేదు, పొంగలేదు. పిలుపు కోసం గుమ్మం ముందు నిలుచున్న ఆడపడుచులాగా అక్కడే నిలిచిపోయింది.

వాలు తప్పిందని భటులు శిల్పులమీద కొరడాలు ఎత్తారు. అంతలో, జ్వరంతో నాలుక పిడచకట్టిన మనవరాలిని భుజాన వేసుకుని అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

“దిగవయ్యా కిందికి! గడప తొక్కి నిలబడితే ఇంట్లోకి ఎవరొస్తారు?”

“ఎవరితో మాట్లాడుతున్నావే ముసలీ?” అని ఒక ఉద్యోగి గద్దించాడు. “దొరవారు ఈ ఊరికి తండ్రి!”

“తండ్రయితే ఆయన ఇంటి రాయి ఏదీ? చూపించు, దణ్ణం పెట్టి పోతాను.”

పాలకుడు తల దించుకుని దిగాడు. అవ్వ బిడ్డను పక్కన పడుకోబెట్టి, గరుకురాయి తీసుకుని ఆ అక్షరాలను రుద్దసాగింది. వేళ్ళు చిట్లాయి. అది చూసి సిగ్గుపడి తక్కినవారూ తలా ఒక రాయి పట్టారు. చివరి అక్షరం అరిగిపోయాక అవ్వ గడపను కొంగుతో తుడిచి, “రా తల్లీ, లోపలికి రా” అన్నది. నీరు గడప దాటింది. మొదటి దోసిలి మనవరాలి గొంతులో పడింది, పిల్ల కళ్ళు తెరిచింది.

జనం ఆనందం పట్టలేక అవ్వ పేరు చెక్కిస్తామన్నారు. “మళ్ళీ అదే పనా? ఇప్పుడే కదరా నా గోళ్ళు అరిగింది!” అని ఆమె కసిరి ఇంటికి పోయింది. అందువల్లనే ఆమె పేరు ఎవరికీ తెలియదు. ఆ చోటుకు అవ్వగడప అన్న పేరు మాత్రం మిగిలింది.

ఈనాటికీ ఆ వంతెన ఉంది. దాని కొసన, నడుమ పల్లంగా అరిగిన ఒక బోడిరాయి ఉంది. ఏటా ఎండాకాలం మొదట్లో ఊరి ఆడవారు దానిని కడిగి, ఒక కుండ నీరు పోసి, లోపలికి రమ్మని పిలుస్తారు. మరి మనవారు చేస్తున్నదేమిటి? గుడికి ఇచ్చిన ట్యూబులైటు మీద దాత పేరు రాయించి వెలుగును సగం మింగే అలవాటును విమానమెక్కించి అక్కడికీ మోసుకుపోయి, తాళంచెవులతో ఆ రాతిమీద తమ పేర్లు, పెళ్ళాల పేర్లు గీకి వస్తున్నారు. రాయి ఇచ్చిన ఆమె పేరు వద్దంటే, చూడవచ్చిన మీ పేరెందుకయ్యా? మరుసటి ఏడు కడిగేసరికి ఆ గీతలేవీ మిగలవని అక్కడివారు చెబుతారు. మిగలకూడదు. అక్కడికి వెళ్ళేవారు చెప్పులు బయట విడిచినట్టు పేరును కూడా బయటే విడిచి, ఆ గడపను తొక్కకుండా దాటవలసింది.